లోడర్ ట్రాక్టర్‌కు వెనక వెయిట్ బాక్స్: పోసే ముందు ఇది చదువు

అబ్బోడా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. పాత ఆయిల్ డ్రమ్ములో కాంక్రీట్ పోసి, పైన ఒక కొక్కెం పెట్టి, జేసీబీని పిలిచి, ముందు లోడర్ బకెట్ ఉన్న నీ ట్రాక్టర్‌కు వెనక బరువుగా తగిలిస్తానన్నావు. ముందు ఆ డ్రమ్మును పక్కన పెట్టెయ్. ఆయిలో డీజిలో పోసిన డ్రమ్ము ఎన్నాళ్ళు ఖాళీగా పడున్నా లోపల ఆవిరి మిగిలే ఉంటుంది. గ్యాస్ కటింగ్‌తో దాని మూత కోయబోయినా, మీద వెల్డింగ్ పెట్టినా పేలే ప్రమాదం ఉంది. కడిగేశాం కదా అని కూడా నమ్మొద్దు. వెల్డింగ్ షాపు కుర్రాడికి కూడా ఈ మాట చెప్పు.

అసలు ఆ బరువు ఎందుకో ముందు తెలుసుకో. ట్రాక్టర్ ముందుకు తిరగబడకుండా ఉండటానికే అని చాలామంది అనుకుంటారు. అది నిజమే కానీ అంతకన్నా పెద్ద సంగతి బ్రేకులు. మన టూ వీల్ డ్రైవ్ బళ్ళకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. బకెట్ నిండా దిబ్బ ఎరువు ఎత్తితే ఆ బరువు ముందు ఇరుసుకు అవతల పడుతుంది, వెనక చక్రాలు తేలిపోతాయి. చదును నేల మీద ఇది తెలియదు. మీ పలమనేరు వైపు చేలన్నీ ఎత్తుపల్లాలే కాబట్టి, బకెట్ నింపుకుని దిగుడులో వస్తూ బ్రేకు తొక్కితే టైరు ఆగుతుంది గానీ బండి ఆగదు, అట్లే జారిపోతుంది.

టైర్లలో నీళ్ళు పట్టిస్తే చాలదా అని అడిగావు. పట్టించు, ముప్పావు వంతు దాకా నింపొచ్చు, మంచిదే. కానీ ఆ బరువు వెనక చక్రాల మీదే కూర్చుంటుంది, ముందు ఇరుసుకు దానివల్ల ఊరట లేదు. ఇరుసుకు వెనకగా వేలాడే బరువైతే తక్కెడలాగా పనిచేస్తుంది. రెండు ఇరుసుల మధ్య 2 మీటర్లు ఉన్న బండికి, వెనక ఇరుసు నుంచి మీటరు దూరంలో 600 కిలోలు వేలాడదీస్తే ముందు ఇరుసు మీద నుంచి 300 కిలోలు తగ్గి, వెనక ఇరుసు మీద 900 పెరుగుతుంది. లోడర్ బళ్ళలో ముందు ఇరుసు, దాని బేరింగులు ఊరికే పోతుంటాయి కదా, ఆ ఖర్చూ తగ్గుతుంది.

ఇంక డ్రమ్ము బదులు రేకుతో చేసే బాక్స్ కొలతలు. కాంక్రీట్ ఘనపుటడుగుకు దాదాపు 68 కిలోలు తూగుతుంది, అంటే ఘనమీటరుకు 2400. రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, ముందు నుంచి వెనక్కి అడుగున్నర పెట్టుకుంటే ఏడున్నర ఘనపుటడుగులు, సుమారు 510 కిలోలు. 5 ఎంఎం రేకు, చానల్, కాళ్ళు అన్నీ కలిపి మరో వంద. మొత్తం 600 అనుకో. నీ బండి లిఫ్ట్, అంటే వెనక పనిముట్లు ఎత్తే హైడ్రాలిక్, 1500 కిలోలు ఎత్తుతుందని పుస్తకంలో రాసుంటే అది లింకు చేతుల (పనిముట్టు తగిలించే వెనక చేతులు) చివర్ల దగ్గర లెక్క, బరువు ఎంత వెనక్కి జరిగితే అంత తగ్గిపోతుంది. అందుకే బాక్స్ అడ్డంగా వెడల్పు ఉండాలి గానీ వెనక్కి పొడుగు సాగకూడదు. లోడర్ పుస్తకంలో వెనక ఎంత బరువు కావాలో రాసుంటే ఆ లెక్కే పట్టుకో, నా లెక్క కాదు. ఇంకా బరువు కావాలంటే సైజు పెంచకుండా ఇనుప తుక్కు వెయ్, అరిగిన రోటవేటర్ బ్లేడ్లు, విరిగిన నాగళ్ళు ఏవైనా సరే. ఇనుము కాంక్రీట్‌కు మూడింతలకు పైనే తూగుతుంది. ఒకదానికొకటి ఆనకుండా మధ్యలో కాంక్రీట్ దూరేట్టు పేర్చాలి.

వెల్డింగ్ దగ్గరే అసలు పని. పిన్నులు పట్టే ప్లేట్లను రేకుకు అతికించి వదిలేస్తారు, అది మాత్రం ఒప్పుకోవద్దు. గుంతలో బండి ఎగిరినప్పుడు 600 కిలోలు అంతకు కొన్ని రెట్లై గుంజుతాయి, రేకు చిరిగి ప్లేటుతో సహా ఊడొస్తుంది. బాక్స్ అడుగున ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒక సీ చానల్ (సీ ఆకారపు ఇనుప దూలం) వెయ్యాలి, దానికి రెండు నిలువు చానళ్ళు లేపి పైన టాప్ లింకు (మధ్యలో పైన పట్టే మూడో చేయి) దాకా తీసుకెళ్ళాలి. పిన్ను ప్లేట్లన్నీ ఆ చట్రానికే పడాలి. మోసేది ఇనుము, కాంక్రీట్ ఊరికే బరువు, అంతే. ప్రతి పిన్నుకూ రెండు వైపులా ప్లేటు ఉండాలి, ఒక్క వైపే పట్టి రెండో చివర గాల్లో ఉండే పిన్ను వంగిపోతుంది. కొలతలకు తల బద్దలు కొట్టుకోకు, నీ కల్టివేటర్ మీద టేపు పెట్టి దింపుకో. పిన్నుల సైజును కేటగిరీ అంటారు, కేటగిరీ 1 అయితే కింది పిన్నులు 22 ఎంఎం, టాప్ లింకు పిన్ను 19. కేటగిరీ 2 అయితే 28, 25. లోపల ఎదురెదురు రేకులను కలుపుతూ రెండు మూడు కడ్డీలు వెయ్, లేకపోతే పచ్చి కాంక్రీట్ బరువుకు రేకు కడుపు ఉబ్బుతుంది. అడుగున మూలల్లో చిన్న బెజ్జాలు ఉంచితే వాననీరు నిలవదు. వెల్డింగ్ అంతా పోయక ముందే అయిపోవాలి, కాంక్రీట్ నిండిన రేకుకు మళ్ళీ వేడి పెడితే లోపలి తేమకు కాంక్రీట్ పెచ్చులూడి ఎగురుతుంది.

కాళ్ళు మర్చిపోవద్దు. బాక్స్ నేల మీద తనంతట తాను నిలబడి, పిన్నులు నీ లింకు చేతుల ఎత్తుకు రావాలి. కాళ్ళు బాక్స్ కన్నా కాస్త బయటికి పరుచుకుని ఉండాలి. ఇది సరిగ్గా కుదిరితే జేసీబీ అవసరమే రాదు. గట్టి నేల మీద, ట్రాక్టర్ రివర్స్‌లో తిన్నగా వచ్చే చోట ఖాళీ బాక్స్ నిలబెట్టి అక్కడే పొయ్యి. ఎత్తే పని నీ హైడ్రాలిక్ చూసుకుంటుంది.

పోయడం తేలికే. 1:2:4 (సిమెంట్, ఇసుక, కంకర పాళ్ళు), 20 ఎంఎం కంకర, సిమెంట్ ఒకటిన్నర బస్తా సరిపోతుంది. బస్తాకు నీళ్ళు పాతిక లీటర్లు దాటనీకు. అరడుగు చొప్పున పోస్తూ కడ్డీతో కుమ్ము, బయట నుంచి రేకును సుత్తితో కొడుతూ ఉండు. ఒక మూల రెండంగుళాల పీవీసీ పైపు నిలబెట్టి పోస్తే తర్వాత గడ్డపార పెట్టుకోవచ్చు. పైన తడి గోనెపట్టా కప్పి పది రోజులు తడుపు. రెండు వారాలు కాకుండా కదిలించొద్దు, పూర్తి బలం వచ్చేది 28 రోజులకు.

ఎప్పుడైనా లారీకి ఎక్కించాల్సి వస్తుందని కొక్కేలు పెడతానంటావేమో. టీఎంటీ కడ్డీ వంచి పెట్టొద్దు, నున్నటి ఎంఎస్ (మెత్తటి ఉక్కు) రాడ్డు తీసుకుని చట్రం కింది నుంచి చుట్టి తీసుకురా. రెండు కాళ్ళ (రెండు పాయల) గొలుసు పొట్టిగా ఉండి చదునుగా పరుచుకుంటే, అంటే నేలకు 30 డిగ్రీల్లో ఉంటే, ఒక్కో కాలి మీద 600 కిలోలూ పడతాయి. పొడుగు గొలుసుతో 60 డిగ్రీలకు తెస్తే 350 పడుతుంది. జేసీబీ బకెట్ పళ్ళకు గొలుసు తగిలించనివ్వద్దు. ఊగకుండా తాడు కట్టి దూరం నుంచి పట్టుకోవాలి, చేత్తో ఆపడానికి ఎవరూ పోకూడదు.

తగిలించేటప్పుడు ఎడమ లింకు, తర్వాత కుడి లింకు, చివర్న టాప్ లింకు. కుడి వైపు ఎత్తు తిప్పి సరిచేసుకోవచ్చు కాబట్టి ఈ వరుస. హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి దిగు. నువ్వు ట్రాక్టర్‌కూ బాక్స్‌కూ మధ్యలో ఉండగా సీటు మీద ఇంకొకరు కూర్చుని లివర్ ముట్టుకోకూడదు, పిల్లలైతే అసలు ఆ చుట్టుపక్కలే ఉండకూడదు. పిన్ను బెజ్జంలో వేలు పెట్టి చూడొద్దు, 600 కిలోలు ఒక్క అంగుళం జరిగితే వేలు పోతుంది. లించ్ పిన్నులు (పిన్ను ఊడకుండా ఆపే చిన్న పిన్నులు) వేసి, చెక్ చైన్లు (లింకులు పక్కకు ఊగకుండా ఆపే గొలుసులు) బిగించి, జానెడు ఎత్తి ఆపు. పక్కకు వచ్చి ప్రతి అతుకూ చూడు, దించు, మళ్ళీ ఎత్తు. అప్పుడు కదిలించు. నడిచేటప్పుడు నేల నుంచి అడుగు ఎత్తు చాలు. పని అయ్యాక వేలాడదీసి వదిలేయొద్దు, దించే దిగాలి.

లోడర్ ఊడదీసిన రోజు బాక్స్ కూడా ఊడదీయాలి. లేకపోతే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టదు, మొగిలి ఘాటు లాంటి ఎక్కుడులో ముందు భాగం లేస్తుంది. బండి బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉండి తీరాలి.

వెల్డింగ్ అయ్యాక, కాంక్రీట్ పోయక ముందు లోపలి చట్రం, పిన్ను ప్లేట్లు దగ్గరగా ఫోటోలు తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా సిమెంట్ బస్తా విప్పొద్దు.

మీ మామ,
చంద్రగిరి