ఎడమ పెడల్‌కి ఎదురు మర ఉంటుంది, అమ్మలూ

అమ్మలూ,

సైకిల్‌కి కొత్త పెడల్స్ తెప్పించుకున్నావని, వాటిని నువ్వే బిగిస్తానంటున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం వేసింది. నువ్వు చేయగలిగిన పనే. స్పానర్ పట్టుకునే ముందు మాత్రం ఇది పూర్తిగా చదువు.

కుడి పెడల్‌ది మామూలు మర, ఎడమ పెడల్‌ది ఎదురు మర, అంటే మామూలు దానికి వ్యతిరేక దిక్కులో తిప్పితే బిగిసేది. రెండూ ఒకే రకం అయితే, తొక్కుతున్నప్పుడు కాలి బరువుకి ఎడమ పెడల్ కొద్దికొద్దిగా వదులై ఊడిపోతుంది. ఇది తెలియక ఎడమ దాన్ని మామూలుగా విప్పబోతారు. అది ఇంకా బిగుస్తుంది. తుప్పు పట్టిందనుకుని ఇంకా బలం పెడతారు.

అందుకే కుడికి తిప్పాలా, ఎడమకి తిప్పాలా అన్న లెక్క మర్చిపో. స్పానర్ పిడి పైకి ఉన్నప్పుడు వెనక చక్రం వైపు లాగితే ఊడుతుంది, ముందు చక్రం వైపు నెడితే బిగుస్తుంది. రెండు పెడల్స్‌కీ ఇదే.

పదిహేను నంబర్ స్పానర్ తీసుకో, సన్నటిదైతే మంచిది. పెడల్ ఇరుసు మీద స్పానర్ పట్టేందుకు చదునులు లేకపోతే క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) లోపలి వైపు చూడు, ఇరుసు చివర ఆరుపలకల గుంట ఉంటుంది. దానికి ఆరో ఎనిమిదో నంబర్ ఎల్ కీ పడుతుంది. దిక్కు మాత్రం మారదు.

క్రాంక్‌ని ముందుకు అడ్డంగా పెట్టు. స్పానర్ పిడి దాని మీదుగా వెనక్కి, కాస్త ఎత్తులో ఉండేలా తగిలించు. ఒక చేత్తో క్రాంక్‌ని పట్టుకుని, రెండో చేత్తో పిడిని కిందకు నొక్కు. కుడి వైపు చేసేటప్పుడు జాగ్రత్త తల్లీ, స్పానర్ జారితే వేళ్ళు పళ్ళచక్రానికి తగిలి లోతుగా తెగుతాయి. ముందు గేర్లు ఉంటే చైన్‌ని పెద్ద చక్రం మీదకి ఎక్కించు, పళ్ళు కప్పుకుంటాయి. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకో. అసలు కదలకపోతే కొట్టకు. మర దగ్గర డబ్ల్యూడీ-40 (బిగుసుకున్న మరలు వదులయ్యే స్ప్రే) చల్లి రాత్రంతా వదిలెయ్.

ఇక బిగించడం. ఇరుసు మీద ఎల్ (ఎడమ), ఆర్ (కుడి) అని ఉంటుంది, చూసుకో. క్రాంక్‌లోని మరలు గుడ్డతో తుడిచి, కొత్త ఇరుసుకి కాస్త గ్రీజు రాయి. ఇది మానకు, మళ్ళీ విప్పాల్సి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్ళతోనే తిప్పాలి. వేళ్ళకి బిగుసుకుపోయిందంటే మర వంకరగా ఎక్కుతోందన్నమాట. వెంటనే వెనక్కి తీసి మళ్ళీ పెట్టు. వంకరగా ఉండగానే స్పానర్ వేస్తే ఇరుసు ఉక్కుది కాబట్టి దానికేమీ కాదు, అల్యూమినియం క్రాంక్ మరలు మాత్రం పోతాయి. తర్వాత క్రాంకే మార్చాలి.

చివర్లో స్పానర్‌తో గట్టిగా బిగించు. నీ చేతి బలం చాలు, పిడికి పైపు తొడగకు. మొదటిసారి తొక్కి వచ్చాక రెండింటినీ మళ్ళీ ఒకసారి బిగించి చూడు. ఎక్కడైనా ఆగిపోతే ఫొటో తీసి పంపు, చూసి చెప్తాను.

మీ పెదనాన్న