గోడల సంగతి తర్వాత, ముందు పట్టా చూడు అల్లుడూ

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. పాత పెంకుటిల్లు విప్పి శ్లాబు వేయించాలా, ఊరి బయట కాలనీలో కట్టిన ఇల్లు కొనాలా, లేకపోతే ఏకంగా సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లిపోవాలా అని అడిగావు. మేస్త్రీలు తలా ఒక లెక్క చెబుతున్నారనీ, కోడలు ఒకటంటే మీ అమ్మ ఇంకొకటంటోందనీ, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదనీ రాశావు. ఫోన్‌లో చెబితే సగం వదిలేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఓవర్సీరుగా చేసినవాణ్ని కాబట్టి నేను గోడల గురించే మొదలుపెడతాననుకుంటావు. గోడలు ఆఖర్న చూద్దాం. చేతిలో డబ్బుంటే ఏ గోడనైనా పడగొట్టి కట్టుకోవచ్చు. డబ్బు ఒక్కదానితో మారనివి రెండున్నాయి. ఆ ఇల్లు కాగితాల్లో ఎవరిది అనేది ఒకటి, ఆ వీధిలో ఎంత ఎత్తులో ఉంది అనేది రెండోది. ఈ రెండూ చూడకుండా టైల్స్ రంగు దగ్గర మొదలుపెట్టిన వాళ్లను చాలామందిని చూశాను.

పట్టా మీ తాతగారి పేరు మీదే ఉందని నాకు తెలుసు. మీ నాన్న ఉన్నప్పుడు కూడా మార్చలేదు. నలభై ఏళ్లుగా పన్ను మేమే కడుతున్నాం, కరెంటు మీటరు మా పేరునే ఉంది అంటావేమో. పన్ను రసీదు హక్కు ఇవ్వదు. మీ తాతగారు వీలునామా రాయకుండా పోయారు కాబట్టి ఆయన స్వార్జితంలో కొడుకులకు ఎంత వాటా ఉందో కూతుళ్లకూ అంతే ఉంది. ఇది 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. ఒకవేళ అది పిత్రార్జితమే అన్నా, 2005 సవరణ కూతుళ్లను కొడుకులతో సమానం చేసింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే మీ మేనత్తలిద్దరికీ ఆ ఇంట్లో భాగం ఉన్నట్టే. వాళ్లు అడగరు, నిజమే. పెద్దత్త నిన్ను ఎత్తుకు పెంచింది. కానీ రేపు నువ్వు పాతిక లక్షలు పోసి మేడ కట్టాక వాళ్ల పిల్లలు అడిగితే తప్పెవరిది? అప్పుడు అడిగేది పాత పెంకుటింట్లో వాటా కాదు, కొత్త మేడలో వాటా. అందుకే ఖర్చు పెట్టకముందే మాట్లాడు. ఊరికే తెల్లకాగితం మీద సంతకాలు తీసుకోకు. హక్కు వదులుకుంటున్నట్టు రిజిస్టర్ దస్తావేజు రాయించు, దాన్ని బట్టి తహసీల్దారు ఆఫీసులో మ్యుటేషన్ పెట్టు, అంటే పట్టాలో పేరు మార్పించు. అత్తలకు పసుపు కుంకుమల కింద ఎంతో కొంత ఇవ్వు. చట్టం కోసం అనడం లేదు, ఇస్తే బాగుంటుంది.

ఇంకో చిక్కుంది. ఈ ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలోకి వచ్చింది, అంతకు ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. మీ ట్రంకుపెట్టెలో ఉన్న పాత దస్తావేజు తెలుగులో ఉండేది అందుకే. ఇప్పటి పట్టా ఒరియాలో ఉంటుంది, ఖాతా నంబరు, ప్లాటు నంబరు కొత్తవి. పాతదానిలో హద్దులు 'తూర్పున ఫలానావారి గోడ' అని రాసుంటాయి. ఆ ఫలానావారు ఇప్పుడెవరూ లేరు. ఒడిశా భూరికార్డుల భూలేఖ్ సైట్‌లో మీ ప్లాటు చూసి, అందులో ఉన్న విస్తీర్ణం రాసుకో. తర్వాత టేపు పట్టుకుని ఇల్లు కొలువు. మన పాత వీధుల్లో రెండిళ్లకీ ఒకటే గోడ ఉంటుంది కదా, ఆ గోడ ఎవరి లెక్కలో పడిందో అప్పుడు తెలుస్తుంది. తేడా ఉంటే భూమి కొలిచే అమీన్‌ని పిలిపించి కొలిపించు. పక్కింటివాళ్లు మంచివాళ్లే. వాళ్ల మంచితనం నువ్వు గోడ మీద పలుగు వేసేదాకానే ఉంటుంది.

ఇక రెండో సంగతి, ఎత్తు. మున్సిపాలిటీ సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దాని మీదే వేస్తారు. నీ చిన్నప్పుడు వీధి అరుగు ఎక్కడానికి మూడు మెట్లుండేవి. ఇప్పుడు ఒకటే ఉందని నువ్వే అన్నావు. మేస్త్రి దగ్గర నీళ్ల లెవెల్ గొట్టం ఉంటుంది. రోడ్డు మధ్య ఎత్తుకీ మీ నడవ గచ్చుకీ తేడా ఎంతో కొలిపించు. గచ్చు రోడ్డు కంటే అడుగున్నర పైన ఉంటే బతికిపోయావు, రిపేరు మాట ఆలోచించొచ్చు. రోడ్డుకు సమానంగానో, కిందకో దిగిపోయి ఉంటే మాత్రం ఎన్ని టైల్స్ వేసినా వానాకాలంలో కాలవ నీళ్లు ఇంట్లోకే వస్తాయి. గచ్చు రెండడుగులు లేపుదాం అంటారు. లేపితే గుమ్మం తలకి తగులుతుంది, కిటికీలు మోకాళ్ల దగ్గరికి వస్తాయి, గుమ్మాలు మార్చాలి, కప్పు లేపాలి. రిపేరని మొదలుపెట్టింది కొత్త ఇల్లై కూర్చుంటుంది, ఖర్చు మాత్రం కొత్త ఇంటికంటే ఎక్కువవుతుంది.

ఇప్పుడు గోడలు. ఒక మూల సున్నం గీకి మేకుతో గుచ్చి చూడు. మెత్తగా మట్టి రాలితే అది మట్టితో కట్టిన ఇటుక గోడ. మీది అదే అయ్యుంటుంది. దాని మీద శ్లాబు వేస్తానన్న మేస్త్రిని ఇంటికి పంపించెయ్. పదడుగుల చదరం గదికి ఐదంగుళాల శ్లాబు వేస్తే దాని బరువే మూడు టన్నుల దాకా ఉంటుంది. ఇప్పుడు మోస్తున్న పెంకుల కప్పు అందులో మూడో వంతు కూడా ఉండదు. శ్లాబే కావాలంటే పునాది నుంచి పిల్లర్లు లేపి, బరువంతా వాటి మీద పెట్టాలి. పక్కింటి గోడని ఆనుకుని పిల్లరు గుంత తవ్వడం ఎంత ప్రమాదమో నీకు వేరే చెప్పక్కర్లేదు. దానికి స్ట్రక్చరల్ ఇంజనీరు ఉండాలి, మేస్త్రి అనుభవం చాలదు.

దూలాలు చూసేటప్పుడు మధ్యలో చూసి బాగుందనుకోకు. చెడేది గోడలోకి దూరిన కొస దగ్గర. సుత్తితో తట్టు, బోలు శబ్దం వస్తే చెద తినేసినట్టు. చెడ్డవి మార్చి, ఇనప పైపుల ట్రస్సు, అంటే కప్పు మోసే చట్రం, దాని మీద మళ్లీ పెంకే వేయించుకోవచ్చు. చాలామందికి ఇది నామోషీ, అందరూ మేడలు కడుతుంటే మనం పెంకులా అని. నామోషీకి నేను ఎస్టిమేట్ వేయలేను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా మీద పడినప్పుడు ఊడిపోయిన కప్పులు చూశావు కదా. పెంకైనా రేకైనా కట్టు సరిగా లేకపోతే నిలవదు. అందుకే ట్రస్సుని గోడకి బోల్టులతో బిగించమను, చూరు బయటికి మరీ సాగదీయనివ్వకు. కార్తీకం వెళ్లాక కప్పు విప్పు, మృగశిర కార్తెలోపు మూసెయ్.

పూర్తిగా పడగొట్టి కట్టడం గురించి ఒక్క మాట. ఇప్పుడున్న ఇల్లు వీధి మొగ నుంచి పెరటిదాకా స్థలమంతా ఆక్రమించి ఉంది. పడగొట్టిన మరుక్షణం అది ఖాళీ స్థలం. కొత్త ప్లానుకి ముందూ వెనకా ఖాళీ వదలమంటారు, వీధి వెడల్పు అడుగుతారు. మీ సందుకి ఎన్ని అంతస్తులు ఇస్తారో ప్లాను గీసే వాళ్లను ముందే అడుగు. ఉన్న ఇల్లు రిపేరు చేసుకుంటే నిలిచే జాగా, పడగొడితే చేజారిపోవచ్చు. పాత టేకు గుమ్మాలు, దూలాలు మాత్రం కాంట్రాక్టరుకి ఊరికే వదిలెయ్యకు, వాటికి మంచి ధర వస్తుంది.

కాలనీలో ఇల్లు చూడమన్నావు కదా, దాని పట్టాలో కిసమ్, అంటే భూమి రకం, ఏమని ఉందో చూశావా? ఘరబారి, అంటే ఇంటి స్థలం, అని ఉండాలి. పొలం కిసమే ఉంటే, భూసంస్కరణల చట్టం 8-ఎ కింద తహసీల్దారు దగ్గర మార్పించుకున్న ఆర్డరు అమ్మేవాడు చూపించాలి. 'తర్వాత చేయిస్తాం సార్' అన్నవాడి దగ్గర అడ్వాన్స్ పెట్టకు. గుమ్మ వైపు, మన జిల్లాలోని రాయగడ బ్లాకు వైపు చవగ్గా స్థలం ఉందని బ్రోకర్లు చెబుతుంటారు. అవి షెడ్యూల్డు ఏరియా. గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు, 1956 నాటి రెగ్యులేషన్ని 2002లో మరీ గట్టిగా సవరించారు. బినామీ పేరుతో కొందామనే ఆలోచన వస్తే నాకు చెప్పకు కూడా. ఇంకోటి, ఆ కాలనీకి ఎండలో వెళ్లి చూశావు. గట్టి వాన పడిన మర్నాడు వెళ్లి చూడు. మహేంద్రతనయ నది పొంగినప్పుడు నీళ్లెక్కడిదాకా వచ్చాయో అక్కడి పాత రైతుని అడుగు, బ్రోకర్ని కాదు.

పాతపట్నం సంగతి. కోడలు ఎందుకు పట్టుబడుతోందో అర్థమైంది. పాపకి ఆంధ్రాలో ఇంజనీరింగు సీటుకి లోకల్ కోటా కావాలి. అక్కడ లోకల్ లెక్క చదువుని బట్టి ఉంటుంది. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడి స్కూల్లో, కాలేజీలో చదవాలి. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి కాబట్టి తొమ్మిదో తరగతికి అక్కడ చేరితే సరిపోతుంది. దానికి ఇల్లెందుకు మార్చడం? బండి మీద పావుగంట కూడా పట్టని దూరం. రాష్ట్రం దాటినంత మాత్రాన మన ఒడిశా కులం సర్టిఫికెట్ అక్కడి రిజర్వేషన్‌కి పనికిరాదు, ఒక్కో రాష్ట్రం జాబితా ఒక్కోలా ఉంటుంది. నువ్వేమో ఒడిశా గవర్నమెంటు స్కూల్లో మాస్టారివి. ఈ వైపు ఉన్నవన్నీ అలాగే ఉంచుకుని, చదువుకి మాత్రం అటు పంపడంలో నాకు తప్పేమీ కనిపించడం లేదు. కోడలితో ఈ మాట నువ్వు చెప్పకు, నేనే చెబుతాను.

డబ్బు లెక్క త్వరగా చెప్పేస్తాను. ఒడిశాలో నలభై లక్షల ఇల్లు కొంటే ఐదు శాతం స్టాంపు, రెండు శాతం రిజిస్ట్రేషను, అంటే రెండు లక్షల ఎనభై వేలు. కోడలి పేరున కొంటే స్టాంపు నాలుగు శాతమే, నలభై వేలు మిగులుతాయి. పాత ఇల్లు అమ్మి కొనేటట్టయితే లాభం మీద పన్ను పడుతుంది, రెండేళ్లలో వేరే ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా మినహాయింపు ఉంది. అమ్మకం సొమ్ములో ఇరవై వేలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోకు. పాత పద్ధతిలో ఇన్‌కంటాక్స్ కడుతున్నావు కాబట్టి ఇది కూడా చూసుకో: ఇల్లు కొనడానికో కట్టడానికో తీసుకున్న అప్పు వడ్డీకి రెండు లక్షల దాకా మినహాయింపు, రిపేరు అప్పుకైతే ముప్పై వేలే. రిపేరుకి మేస్త్రి లక్ష అంటే నువ్వు ఇంకో ముప్పై వేలు పక్కన పెట్టుకో. పాత ఇంట్లో ఏ గోడ వెనక ఏముందో విప్పితే గానీ తెలియదు.

వాస్తు ఆయన్ని ఆఖర్న పిలువు. ముందు పిలిస్తే వంటిల్లు పెరట్లోకి పోతుంది, మీ అమ్మ మోకాళ్లు నొప్పెడుతుంటే అంతదూరం నడవాలి.

మీ అమ్మ పేరెత్తాను కాబట్టి చెబుతున్నాను. ఆమె కాలనీకి రానంటోంది పంతంతో కాదు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే పలకరించేవాళ్లు ఆ వీధిలో ఉన్నారు. కాలనీలో గేట్లు, గేటు లోపల కార్లు. అలాగని రాత్రిపూట వానలో పెరట్లో ఉన్న దొడ్డికి ఆమెను పంపుతూ ఎన్నేళ్లు నెట్టుకొస్తావు? మీరు ఇల్లు మారినా మారకపోయినా ఈ ఎండాకాలంలోనే ఆమె గది పక్కన బాత్రూమ్ కట్టించు. కూర్చునే కమోడ్, గోడకి పట్టుకునే రాడ్, జారని టైల్స్. ఇది పెద్ద ఖర్చు కాదు. ఇల్లు అమ్మాల్సి వచ్చినా దండగ పోదు.

నన్నడిగితే, గచ్చు రోడ్డు కంటే అడుగున్నర పైన తేలితే అక్కడే ఉండు. అత్తల కాగితాలు పూర్తి చేసి, కప్పు, బాత్రూమ్, వైరింగ్ మార్పించుకో, మేడ ఆలోచన మానెయ్. గచ్చు కిందకి దిగిపోయి ఉంటే మాత్రం ఆ ఇంటి మీద రూపాయి పెట్టకు. కాగితాలు సరిచేసుకుని అమ్మేసి, అదే వీధిలోనో పక్క వీధిలోనో ఎత్తు మీదున్న ఇల్లు వెతుకు. మీ అమ్మకి అరుగూ దొరుకుతుంది, నీకు నిద్రా పడుతుంది. కాలనీ నా లెక్కలో మూడోది.

ఆదివారం పొద్దున్నే వస్తాను. లెవెల్ గొట్టం నేను తెస్తాను. నువ్వు పాత దస్తావేజు, పట్టా కాపీ, మీ తాతగారిదీ నాన్నదీ డెత్ సర్టిఫికెట్లు బయటికి తీసి పెట్టు. పెద్దత్తకి ఫోన్ చేసి మధ్యాహ్నం భోజనానికి రమ్మను, ఎందుకో మాత్రం ఫోన్‌లో చెప్పకు.

ఇట్లు
మీ మావయ్య