వేపనూనె, సీతాఫలం గింజలతో దోమ లార్వా చస్తుందా? మా పెరటి అనుభవం

మీరు అడిగింది: ఇంటి వెనక మురుగు బోదె, పెరట్లో గోలెం ఉన్నాయి, చిన్నపిల్లలున్న ఇల్లు కాబట్టి రసాయన మందులు కాకుండా వేపనూనె, సీతాఫలం గింజల పొడి లాంటివి వేస్తే దోమ పిల్లలు చస్తాయా అని. చస్తాయండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కొన్నేళ్లుగా వేపతో ఈ పని చేస్తున్నాను. కాకపోతే ఏ దోమ ఏ నీళ్లలో పెరుగుతుందో ముందు చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

2021 వానాకాలంలో వారం వారం మురుగు బోదెలో వేపనూనె పోసేవాణ్ణి. సాయంత్రం దోమలు తగ్గాయని ధైర్యంగా ఉన్నాను. అప్పుడే మా అమ్మాయికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఆసుపత్రి వరండాలో గడిపిన ఆ నాలుగు రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తొస్తుంది. ఇంటికొచ్చి పెరడంతా వెతికితే, కొట్టం వెనక పోగుపడిన కొబ్బరి డొక్కల్లో, తాగి పారేసిన బొండాల్లో వాన నీళ్లు, ఆ నీళ్ల నిండా లార్వా. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు ఇలా చిన్నచిన్న వాటిల్లో నిలిచిన నీళ్లే కావాలి. మురుగులో పెరిగేది క్యూలెక్స్. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు అంటించింది ఆ దోమే. నేను ఒక దోమకు మందేస్తుంటే ఇంకో దోమ పిల్లను కుట్టింది. డొక్కలకూ బొండాలకూ ఏ నూనే అక్కర్లేదు, నీళ్లు ఒంపి బోర్లిస్తే చాలు.

ఇక మీ మురుగు బోదె సంగతి. వేప గింజలో ఉండే అజాడిరాక్టిన్ దోమ పిల్లను విషంలా అప్పటికప్పుడు చంపదు. లార్వా ప్యూపాగా, అంటే దోమ అయ్యే ముందు దశకు, మారేలోపు నాలుగు దశలు పెరుగుతుంది, ప్రతి దశకూ కుబుసం విడవాలి. ఆ కుబుసం విడిపించే హార్మోను పనిని ఇది చెడగొడుతుంది. అందుకే ఈ రోజు వేసి రేపు చూస్తే అన్నీ ఈదుతూనే ఉంటాయి, మందు పనిచేయలేదనిపిస్తుంది. మూడు నాలుగు రోజులు ఆగి చూడండి. అప్పటికే కామా ఆకారంలో ముడుచుకున్న ప్యూపాలు ఉంటే వాటి మీద ఇది పెద్దగా పనిచేయదు. అవి తిండి తినవు, వాటి ఎదుగుదల దాదాపు అయిపోయింది. ఎండకు అజాడిరాక్టిన్ త్వరగా విరిగిపోతుంది కూడా. మన వేడికి గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి వారానికోసారి మళ్లీ వేయాల్సిందే. నేను శుక్రవారం పెట్టుకున్నాను, డ్రై డే అని తొట్లు ఒంపే రోజే ఇదీ అయిపోతుంది.

నేను చేసే పద్ధతి ఇది. బకెట్టు, అంటే 10 లీటర్ల నీళ్లకు 50 మి.లీ. వేపనూనె. నూనె ఊరికే పోస్తే తెట్టెలా పైన తేలి ఒక మూలకు పోతుంది. ముందు కొంచెం సబ్బు నీళ్లలో పోసి బాగా గిలక్కొడితే పాలలా తెల్లగా అవుతుంది, దాన్ని బకెట్లో కలిపి చల్లుతాను. మీకు వేపచెట్టు ఉంటే రాలిన పళ్ల గింజలు నీడన ఆరబెట్టుకోండి. పప్పు దంచి, పొలానికి చేసుకున్నట్టే 5 శాతం కషాయం, అంటే లీటరు నీళ్లకు 50 గ్రాముల పొడి, రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడకట్టాలి. బూజు పట్టిన గింజలు వద్దు. బోదెలో ప్లాస్టిక్ కవర్లు, చెత్త అడ్డుపడి ఉంటే ముందు అది తీయించండి. చెత్త తీయకుండా నేను రెండు నెలలు పోసిన నూనె దండగైంది.

సీతాఫలం గింజల పొడి నిజంగానే గట్టిది. అందులోని ఎసిటోజెనిన్లు ప్రాణికి శక్తి పుట్టించే పనినే ఆపేస్తాయి. అందుకే చేపలకూ ప్రమాదం. కంట్లో పడితే ఇంకా ప్రమాదం. మా అమ్మ తలలో పేలకని నూరుతుంటే తుంపర పడి రెండు రోజులు కన్ను తెరవలేకపోయింది. పిల్లలున్న ఇంట్లో ఆ పొడి వద్దని నా గట్టి మాట.

మన డెల్టాలో మురుగు చివరికి ఎవరి చెరువులోకి చేరుతుందో చూడకుండా ఏదీ పోయకూడదు. వేప మెత్తని మందే అనుకుంటాం. కానీ రొయ్య కూడా కుబుసం విడిచే ఎదుగుతుంది, లార్వాకు తగిలే దెబ్బ దానికీ తగలొచ్చు. దగ్గర్లో చేపల చెరువో రొయ్యల చెరువో ఉంటే, పారే నీళ్లలో వేయకండి. కదలని గుంటలకే పరిమితం చేయండి.

మీ ఊరి చెరువు నిండా అంతరతామర, గుర్రపుడెక్క ఉంటే, నీళ్ల మీద నూనె పొర వేసి లార్వాకు గాలి అందకుండా చేసే పద్ధతి అక్కడ పనిచేయదు. వాటిల్లో పెరిగే మాన్సోనియా దోమ లార్వా గాలి కోసం పైకి రాదు, ఆ మొక్కల వేళ్లకు గుచ్చుకుని అక్కడి నుంచే గాలి తీసుకుంటుంది. మొక్కను లాగి గట్టున ఎండబెట్టడమే దారి. మా వీధివాళ్లం వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కలిసి ఆ పని చేస్తాం.

గోలెం నీళ్లు తాగడానికైనా వంటకైనా వాడేవైతే అందులో వేపనూనె చుక్క కూడా వద్దు. గేదెల తొట్టి అయితే అవి చేదుకు మూతి పెట్టవు. వారానికోసారి ఖాళీ చేసి గోడలను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దండి. ఏడిస్ గుడ్లు గోడకు అంటుకుని నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి, నీళ్లు మార్చినంత మాత్రాన పోవు. రుద్దాక నీళ్లు పట్టి, సందు లేకుండా గుడ్డ కట్టేయండి. వేపనూనె సీసా మాత్రం పై అటక మీద పెట్టండి. చంటిపిల్లలకు అది కడుపులోకి వెళితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది.