వై క్రోమోజోమ్ మాయమైపోతుందా?

ప్రశ్న: మనకీ చింపాంజీకీ డీఎన్‌ఏ 98 శాతం పైనే ఒకటంటారు కదా సార్, వై క్రోమోజోమ్ కూడా అంతేనా? అది అరిగిపోయి మగాళ్లే ఉండరని వాట్సాప్‌లో తిరుగుతోంది, నిజమేనా?

జవాబు: ఆడ, మగ తేడా తేల్చే క్రోమోజోములు ఎక్స్, వై; వై ఉండేది మగవాళ్లకే. ఎక్స్ వరకూ అయితే బాగానే కలుస్తుంది. వై దగ్గరే కథ మారిపోయింది, 2010లో మన వైనీ చింపాంజీ వైనీ పక్కపక్కన పెట్టి చూస్తే చింపాంజీ వైలో 30 శాతం పైగా భాగానికి మన వైలో సరిపోలే భాగమే దొరకలేదు, విడిపోయి ఓ 60, 70 లక్షల ఏళ్లే అయినా సరే! కారణం ఏంటంటే వైకి చాలామటుకు జోడీ లేదు, మిగతా క్రోమోజోముల్లా ముక్కలు మార్చుకుని రిపేర్ చేసుకునే వీల్లేదు. దానికో చిట్కా ఉందిలెండి, కీలకమైన జీన్లు కొన్ని వికటకవి అన్న మాటలాగా ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే వరసల్లో రెండేసి కాపీలుగా ఉంటాయి, ఒకటి పాడైతే రెండోదాన్ని చూసి సరిచేసుకుంటుంది. ఇలా మెలికలు ఎక్కువ కాబట్టే మనిషి వైని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవడం 2023కి గానీ కుదరలేదు, మరుసటి ఏడాది గొరిల్లా, ఒరంగుటాన్, బొనొబోలవి కూడా వచ్చేశాయి.

ఇక అరిగిపోవడం అంటారా, అదంతా ఎప్పుడో పాతకాలంలో జరిగింది. రీసస్ కోతితో పోల్చి చూస్తే గత రెండున్నర కోట్ల ఏళ్లలో మన వై పోగొట్టుకున్న పాత జీన్ ఒక్కటే, చింపాంజీయే ఇంకొన్ని ఎక్కువ పోగొట్టుకుంది. ఒకవేళ వై పోయినా మగాళ్లే ఉండరనేం లేదు, జపాన్‌లో అమామి దీవి ముళ్ల ఎలుకకి వై పూర్తిగా పోయింది, మగ ఎలుకలు మాత్రం హాయిగా పుడుతూనే ఉన్నాయి.