షాక్‌వేవ్, పీఆర్పీ కలిపి చేయించుకోవచ్చా?

షుగర్ ఉంది, అంగస్తంభన సరిగ్గా లేదు, షాక్‌వేవ్, పీఆర్పీ, స్టెమ్ సెల్స్ కలిపి చేస్తే శాశ్వతంగా తగ్గుతుందని క్లినిక్‌లో ప్యాకేజీ చెప్పారు, డబ్బు కట్టాలా అని ఒకరు అడిగారు. ఇప్పుడే కట్టకండి. నాకూ షుగర్ ఉంది, షాక్‌వేవ్ చేయించుకున్నాను.

మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. షాక్‌వేవ్‌కి కొంత ఆధారం ఉంది. కిడ్నీ రాళ్లు పగలగొట్టే తరంగాల్నే బాగా తక్కువ శక్తితో ఇస్తారు, కొత్త రక్తనాళాలు పుడతాయని ఆశ. 2010లో ఇజ్రాయెల్ డాక్టర్లు దీనిపై తొలి ఫలితాలు బయటపెట్టారు. రక్తప్రసరణ తగ్గి వచ్చిన తేలికపాటి సమస్యకి వాడొచ్చని యూరప్ యూరాలజీ మార్గదర్శకాలు చెబుతాయి, అమెరికా వాళ్లు మాత్రం ఇంకా పరిశోధన దశే అన్నారు. జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు, టకటకా కొడుతుంది, మత్తు అక్కర్లేదు. నాకు అంతకుముందు అంగస్తంభన మాత్ర వేసుకున్నా అంతంతమాత్రంగా ఉండేది, తర్వాత అదే మాత్ర బాగా పనిచేసింది. మాత్ర పూర్తిగా మానేసేంత మార్పు రాలేదు, పైగా అదే సమయంలో నా షుగర్ కూడా అదుపులోకి వచ్చింది కాబట్టి అంతా మెషిన్ చలవే అనలేను.

పీఆర్పీ అంటే మన చేతి రక్తమే తీసి మెషిన్‌లో గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపు రంగు ద్రవాన్ని అంగంలోకి ఎక్కిస్తారు. 2021లో గ్రీసు ట్రయల్‌లో లాభం కనిపించింది, 2023లో మయామీ ట్రయల్‌లో డమ్మీ ఇంజెక్షన్‌కీ దానికీ తేడా లేదని తేలింది. షాక్‌వేవ్, పీఆర్పీ రెండూ కలిపితే ఇంకా మేలని గట్టిగా చెప్పే పెద్ద ట్రయల్ ఏదీ నేను చూడలేదు. ఇక స్టెమ్ సెల్స్ (వేరే కణాలుగా మారగల మూలకణాలు) అయితే, ఈ సమస్యకి ట్రయల్ బయట చేయకూడదని మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది, డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

అన్నిటికన్నా ముందు గుండె చూపించుకోండి, ఇది మాత్రం వాయిదా వేయొద్దు. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాలకన్నా సన్నం, అందుకే పూడిక మొదలైతే చాలామందికి ముందు ఇక్కడే తెలుస్తుంది, గుండె నొప్పి తర్వాతెప్పుడో వస్తుంది. మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్, పొద్దున్నే ఇచ్చే రక్తంతో టెస్టోస్టెరాన్ చేయించుకుని యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి, అవసరమైతే రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్ ఆయనే రాస్తారు. ఛాతీ నొప్పికి సార్బిట్రేట్ లాంటివి వాడుతుంటే సిల్డెనాఫిల్, టడాలఫిల్ అనే అంగస్తంభన మాత్రలు ముట్టుకోవద్దు, బీపీ ప్రాణం మీదికి వచ్చేలా పడిపోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా షాక్‌వేవ్ చేయించుకోవాలనిపిస్తే మెషిన్ ఫోకస్డ్ రకమా, రేడియల్ రకమా అని అడగండి. ఫోకస్డ్ అంటే తరంగాన్ని లోపల ఒకచోట కేంద్రీకరించేది. రేడియల్ అంటే కండరాల నొప్పులకి ఫిజియోథెరపీలో వాడేది, దాని తరంగం లోపలిదాకా అంతగా వెళ్లదు.