మోకాళ్లు అరిగితే నడక మానేయాలా?

ప్రశ్న: నా వయసు 63. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు, కుడివైపు ఎక్కువ. ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగిందన్నారు. నడిస్తే ఇంకా అరుగుతుందని ఇంట్లోవాళ్లు అంటే పొద్దుటి నడక మానేశాను. ఇప్పుడు కుర్చీలోంచి లేవాలన్నా చేతులు ఆనించాల్సి వస్తోంది. మొన్న మెట్లు దిగుతుంటే కాలు పట్టు తప్పింది. రెయిలింగ్ పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఈ వయసులో వ్యాయామం చేయొచ్చా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: తప్పకుండా చేయొచ్చమ్మా. మోకాళ్ల అరుగుదలకు మేం మొదట చెప్పే చికిత్సే వ్యాయామం. మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ కంగారు పుట్టించింది మెట్ల మీద పట్టు తప్పడం. లేవడానికి చేతుల సాయం కావాల్సి రావడం, కాలు తూలడం, ఈ రెండూ తొడ కండరాలు బలహీనపడ్డాయనడానికి గుర్తులు. అడుగు వేసినప్పుడు మోకాలి మీద పడే భారాన్ని కాసేది ఆ కండరాలే. నడక మానేస్తే అవి ఇంకా సన్నబడతాయి. పైగా మోకాలి గుజ్జుకు రక్తనాళాలు ఉండవు. కీలు మీద బరువు పడుతూ, తగ్గుతూ ఉంటేనే లోపలి ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది.

మొదటి వారం మంచం మీదే మొదలుపెట్టండి. కాలు చాపి మోకాలి కింద టవల్ చుట్టి పెట్టుకోండి. మోకాలితో దాన్ని కిందికి నొక్కి 5 సెకన్లు బిగబట్టి వదలండి. ఒక్కో కాలికి 10 సార్లు. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు.

తర్వాత అసలైనది, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసుకోండి. ఎత్తు చాలకపోతే దుప్పటి మడిచి వేయండి. అంచుకు జరిగి, పాదాలు కాస్త వెనక్కి పెట్టి, ముందుకు వంగి లేవండి. మొదట్లో చేతుల సాయం తీసుకున్నా ఫర్వాలేదు. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా మనసులో మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. మెట్లు దిగేటప్పుడు కావాల్సిన పట్టు ఇక్కడే వస్తుంది. 8 నుంచి 10 సార్లు చేసి, కాసేపు ఆగి మరోసారి. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. బలం వచ్చేకొద్దీ దుప్పటి తీసేయండి.

పడిపోకుండా ఉండాలంటే నిలకడ కూడా కావాలి. వంటగది గట్టు పట్టుకుని, పొయ్యికి దూరంగా, మడమలు ఎత్తి దించండి. అలాగే ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడండి.

నడక 10 నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టి మెల్లగా పెంచండి. వారానికి మొత్తం 150 నిమిషాలకు చేరితే చాలా మంచిది. అరిగిపోయిన హవాయి చెప్పులతో మాత్రం వద్దు. వ్యాయామంలో కొద్దిగా నొప్పి ఉండి మర్నాటికి సర్దుకుంటే భయపడక్కర్లేదు. మర్నాడు నొప్పి పెరిగినా, వాపు వచ్చినా మానేయకుండా సగానికి తగ్గించండి. తేడా తెలియడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చాలామంది రెండో వారంలోనే వదిలేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

ప్రస్తుతానికి గుంజీళ్లు, వజ్రాసనం, పీట మీద కూర్చుని పనులు చేయడం మానండి. మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు పెట్టాలి. మీ బరువెంతో రాయలేదు. ఎక్కువుంటే, ఒక్క కిలో తగ్గినా అడుగడుగునా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొని రోజూ వేసుకోవద్దు, కిడ్నీలకు, కడుపుకు ప్రమాదం.

గుండె జబ్బు ఉన్నా, నడిస్తే ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తున్నా ముందు డాక్టర్‌కు చూపించుకున్నాకే మొదలుపెట్టండి. మోకాలు ఎర్రబడి వేడిగా వాచినా, జ్వరం వచ్చినా, కీలు మధ్యలో పట్టేసి కదలకపోయినా, పడ్డాక కాలు మోపలేకపోయినా వ్యాయామం ఆపి వెంటనే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.