డాక్టర్ సలహా: పిల్లాడి స్వభావానికి జలుబు సిరప్ పోస్తారా?

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ల నాలుగు నెలలు. పుట్టినప్పటి నుంచీ గొడవే. నిద్రకు వేళాపాళా లేదు. కొత్తవాళ్లు కనిపిస్తే నా చీర పట్టుకుని ఏడుస్తాడు. తీర్థానికి తీసుకెళ్తే డప్పుల మోతకు బెదిరిపోయాడు. అమ్మ, తాత, నీళ్లు లాంటి ఐదారు మాటలే అంటాడు. ఆరేళ్ల మా పాప ఈ వయసులో ఎంతో నెమ్మదిగా ఉండేది. మా అత్తగారు వీడివి మేనమామ పోలికలు అంటారు. వాడికి జలుబు ఎక్కువ. రాత్రి మరీ ఏడిస్తే మెడికల్ షాపులో ఇచ్చిన జలుబు సిరప్ అర మూత పోస్తున్నాను, పడుకుంటున్నాడు. నేను కడుపుతో ఉన్నప్పుడు చాలా టెన్షన్ పడ్డాను. అందుకే ఇలాంటి స్వభావం వచ్చిందా? పెద్దయ్యాక మారతాడా?
– ఒక తల్లి, రాజోలు

జవాబు: అమ్మా, స్వభావం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ సిరప్ ఈ రాత్రి నుంచే ఆపండి. ఫిట్స్‌కో మరో జబ్బుకో డాక్టరు రాసిచ్చిన మందైతే అడగకుండా ఆపకూడదు. కానీ మీరు పోస్తున్నది జలుబు మందు, అదీ నిద్ర కోసం.

జలుబు సిరప్‌లలో చాలావాటిలో మత్తు తెచ్చే మందు ఉంటుంది. పిల్లాడు పడుకునేది ఆ మత్తుకే. మత్తు తెచ్చే క్లోర్‌ఫెనిరమిన్, ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన జలుబు మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద రాయాలంటూ మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే కంపెనీలను ఆదేశించింది. మీ సీసా మీద ఏముందో చదివారా? పైగా మూతతో కొలిస్తే ఒకరోజు పోసినంతే మరోరోజు పోస్తామన్న నమ్మకం లేదు. మోతాదు ఎక్కువైతే పసివాళ్లకు ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. కొందరికి ఇదే మందు ఎదురు తిరిగి, పడుకోవాల్సింది పోయి చిరాకు, గెంతులు ఎక్కువవుతాయి. అప్పుడు వీడికి ఇది చాలదనుకుని ఇంకాస్త పోస్తారు. నా దగ్గరికొచ్చే తల్లుల్లో ఈ మాట చెప్పేవాళ్లు ఒకరిద్దరు కాదు. మీరు అలసిపోయి చేస్తున్నారని నాకు తెలుసు. అయినా చేయకూడదు. ఆపాక రెండు మూడు రాత్రులు ఏడుపు పెరగొచ్చు, ఓర్చుకోండి. ఎప్పుడైనా బిడ్డ లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఊపిరి తేడాగా అనిపించినా తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి.

రెండోది మాటలు. దీని గురించి మీరు అడగనే లేదు కానీ, నాకు సిరప్ తర్వాత కంగారు పెట్టింది ఇదే. రెండేళ్లు నిండేసరికి సుమారు యాభై మాటలు, ‘అమ్మా రా’, ‘పాలు ఇవ్వు’ అన్నట్టు రెండేసి కలిపి చెప్పడం రావాలి. మగపిల్లలకు మాటలు ఆలస్యం అని మనవైపు చాలామంది మూడేళ్లదాకా ఊరుకుంటారు. దయచేసి ఊరుకోకండి. డప్పులకు బెదిరాడంటే చెవులు బాగున్నట్టేనని అనుకోవద్దు. తరచూ జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనక నీరు చేరొచ్చు. అప్పుడు పెద్ద మోత వినిపిస్తుంది గానీ మామూలు మాట మసకగా వినిపిస్తుంది. సరిగా వినపడని బిడ్డ మొండివాడిలాగే కనిపిస్తాడు. కాబట్టి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, కావాల్సింది వేలితో చూపిస్తున్నాడా, మీ కళ్లలోకి చూసి నవ్వుతున్నాడా గమనించి, అవి పిల్లల డాక్టరుకు చెప్పండి. ఆటిజం లాంటివి ఉన్నాయో లేవో ఆయన పరీక్షించి చూడాలి, ఉత్తరం చదివి నేను చెప్పకూడదు. నోరు తెరిచి గురక పెడతాడా, అన్నం మానేసి పాల మీదే ఉంటున్నాడా అన్నదీ చెప్పండి. రక్తం తక్కువైనా నిద్ర సరిగా పట్టదు, చిరాకు ఉంటుంది.

ఇవన్నీ బాగున్నాయని తేలితే, అప్పుడది స్వభావం. స్వభావం జబ్బు కాదు. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు 1956లో మొదలుపెట్టి, వందకు పైగా పిల్లలను పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. సుమారు 40 శాతం మీ పాపలాంటివాళ్లు, తేలిగ్గా సర్దుకుంటారు. 10 శాతం నిద్రకూ ఆకలికీ వేళ లేక, ప్రతిదానికీ గట్టిగా ఏడ్చేవాళ్లు. 15 శాతం కొత్తంటే వెనక్కి తగ్గి, మెల్లగా కలిసేవాళ్లు. మిగతావాళ్లు ఏ ఒక్క గుంపులోనూ ఇమడలేదు. పిల్లాడు ఎలా ఉన్నా తప్పు తల్లిదే అనే కాలంలో ఆ డాక్టర్ దంపతులు కాదని చెప్పారు. మీరు కడుపుతో ఉన్నప్పటి టెన్షన్ వల్లే వీడు ఇలా పుట్టాడని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు, ఆ బరువు మోయకండి. పోలికలు నిజమే, స్వభావంలో కొంత వంశం నుంచి వస్తుంది. అయితే అది మీ పుట్టింటి నుంచే కాదు, రెండు వైపుల నుంచీ వస్తుందని అత్తగారికి నా మాటగా చెప్పండి.

మారతాడా అంటే, పూర్తిగా మరొకడు కాడు. సఖినేటిపల్లి రేవులో చూసే ఉంటారు. పంటు, అంటే జనాన్ని రేవు దాటించే పెద్ద పడవ, రాగానే ఒక పిల్లాడు పరిగెత్తి ఎక్కేస్తాడు, ఇంకొకడు అమ్మ చెయ్యి వదలడు. ఆ రెండోవాణ్ని లాక్కెళ్తే మళ్లీసారి రేవు చూడగానే ఏడుస్తాడు. కాసేపు ఒడ్డున నిలబెట్టి నీళ్లు, జనం చూపించి ఎక్కిస్తే నాలుగోసారికి తనే నడుస్తాడు. మీవాడితోనూ అంతే. పెళ్లికో తీర్థానికో వెళ్తే జనం చేరకముందే వెళ్లండి, డప్పులకు దూరంగా ఉంచండి. చుట్టాల ఒళ్లో బలవంతంగా కూర్చోబెట్టొద్దు. స్నానం, అన్నం, దీపం తగ్గించడం, పడక రోజూ ఒకే వరసలో, ఒకే వేళకు జరగనివ్వండి. పడుకునే ముందు ఫోన్ వద్దు. కొట్టొద్దు. అక్కను చూసి నేర్చుకో అనొద్దు. మీ ఆయన కూడా కొన్ని రాత్రులు వాణ్ని ఎత్తుకోవాలి, ఒక్కరి వల్ల అయ్యే పని కాదిది.

పరీక్షలకు డబ్బు ఇబ్బందైతే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల లోపాలను ఉచితంగా చూసే డీఈఐసీ కేంద్రాలున్నాయి. దగ్గరలో ఎక్కడుందో ఏఎన్ఎంనో అంగన్‌వాడీ టీచరునో అడగండి. ఈ వారంలోనే వెళ్లండి. టీకాల కార్డుతో పాటు ఆ సిరప్ సీసా కూడా పట్టుకెళ్లి, ఎన్నాళ్లుగా ఎంత పోస్తున్నారో దాచకుండా చెప్పండి. అది తెలియకపోతే అక్కడి డాక్టరు రాసే మందుకు ఇది తోడై బిడ్డకు హాని జరగొచ్చు.

– పిల్లల వైద్య నిపుణుడు, అమలాపురం